కన్నతల్లి, పెంపుడు తల్లి: అనీబిసెంటు

దేవకి కన్నది, యశోద పెంచినది. యశోద పొందిన ఆనందాన్ని వర్ణించడంలో మన కవులు చూపిన ఉత్సాహం, మథురలో వట్టి చేతులతో కూర్చున్న దేవకి దుఃఖాన్ని వర్ణించడంలో చూపలేదు. బిడ్డ ఒక ఇంట పెరుగుతుండగా మరొక ఇంట కాలం గడుపుతున్న కన్నవారి సంగతి పురాణాల్లోనే కాదు, లోకంలో కూడా అంతగా విచారించేవారు లేరు.

దత్తత వేరు, పెంపకం వేరు. దత్తతలో బిడ్డ ఇంటిపేరు, గోత్రం మారిపోతాయి. కన్నవారి హక్కు అక్కడితో తీరిపోతుంది. పెంపకంలో అట్లా కాదు. బిడ్డ పరుల ఇంట వుంటాడు, పరుల అన్నం తింటాడు, పరుల మాట వింటాడు. అయినా కన్నవారు కన్నవారే. వారికి మిగిలే హక్కు ఏపాటిది, వారిని ఆదుకొనవలసిన బాధ్యత ఎవరిది అన్నది చిక్కు ప్రశ్న. ఆ ప్రశ్నను అన్ని వైపుల నుంచీ ఎదుర్కొనవలసివచ్చిన వ్యక్తి అనీబిసెంటు. హోంరూలు ఉద్యమ నాయకురాలుగా, 1917లో కలకత్తా కాంగ్రెసు మహాసభ అధ్యక్షురాలుగా, దివ్యజ్ఞాన సమాజాధిపతిగా ఆమెను ఎరుగని విద్యావంతులు వుండరు. పరుల పెంపకంలో పెరిగిన బాలికగా, న్యాయస్థానం బిడ్డను వేరుచేసిన తల్లిగా, ఒక తెలుగు తండ్రి కుమారులను తన వద్ద వుంచుకొని ఆ తండ్రితో వ్యాజ్యమాడిన సంరక్షకురాలుగా ఆమెను ఎరిగినవారు మాత్రం తక్కువ.

ఆమె 1847 అక్టోబరు 1న లండనులో వుడ్ కుటుంబంలో జన్మించినది. తల్లి ఐరిష్ వనిత. అయిదవ యేటనే తండ్రి గతించాడు. వితంతువైన తల్లికి మిగిలిన ఆస్తి స్వల్పం. కుమారుణ్ణి మంచి పాఠశాలలో చదివించవలెనన్న పట్టుదల మాత్రం దండిగా వున్నది. ఆ తల్లి హారో పట్టణం చేరి, అక్కడి ప్రసిద్ధ పాఠశాలలో చదివే బాలురకు బస, భోజనం ఏర్పాటుచేసే ఇల్లు ఒకటి నడిపి, ఆ ఆదాయంతో కుమారుణ్ణి ఆ పాఠశాలలోనే చదివించినది. కుమార్తె చదువు మాటేమిటి? ఆ సమయంలో, నవలాకారుడు కెప్టెన్ మారియట్ సోదరి అయిన ఎలెన్ మారియట్ అనే అవివాహిత, బాలికను తనతో పంపితే తన మేనకోడలితోపాటు చదువు చెప్పుతానని అడిగినది. తల్లి మొదట ఒప్పుకొనలేదు. కాని కుమార్తె మేలు కోరి చివరకు పంపినది. అప్పుడు ఆనీ వయస్సు ఎనిమిదేండ్లు. సెలవులకు ఇంటికి రావడం, తిరిగి వెళ్ళడం — ఈ విధంగా ఎనిమిదేండ్లపాటు మారియట్ ఇంటనే పెరిగినది.

ఉపాధ్యాయులు ఆ మారియట్ బోధనాపద్ధతిని తప్పక గమనించదగును. ఆమె పిల్లలచేత వ్యాకరణ సూత్రాలు వల్లె వేయించలేదు. నడకకు తీసుకుపోయి, చూచిన వస్తువులను గురించి ఉత్తరాలుగా వ్రాయించి, ఆ వ్రాతలోని తప్పులను దిద్దుతూ భాష నేర్పినది. జర్మనీ, ఫ్రాన్సు దేశాలకు తీసుకుపోయి అక్కడి భాషలు వినిపించినది. తర్వాతి కాలంలో వేలాది జనాన్ని కట్టివేసిన ఆ వక్తృత్వానికి పునాది ఇక్కడ పడినది. ఈ పెంపకంలో తల్లికి గాని, కుమార్తెకు గాని అన్యాయం జరగలేదు. కారణం స్పష్టమే: పెంచిన ఇంటికీ కన్న ఇంటికీ మధ్య తలుపు మూసుకొనలేదు. తల్లీకూతుళ్ళ అనురాగం చివరివరకు చెక్కుచెదరలేదు.

1867 డిసెంబరులో ఫ్రాంక్ బిసెంటు అనే మతాచార్యునితో వివాహమైనది. 1869లో కుమారుడు డిగ్బీ, 1870లో కుమార్తె మేబెల్ జన్మించారు. దంపతులకు మొదటినుంచీ పొసగలేదు. 1871లో పసిబిడ్డ మేబెల్ కోరింత దగ్గుతో ప్రాణాపాయ స్థితికి చేరినది. దినాల తరబడి బిడ్డను ఒడిలో పెట్టుకొని కూర్చున్న ఆ తల్లికి, అభం శుభం తెలియని పసికందుకు ఇంత బాధ కల్పించిన దేవుని దయపై సందేహం పుట్టినది. బిడ్డ బ్రతికినది, విశ్వాసం బ్రతకలేదు. మతాచార్యుని భార్య చర్చిలో ప్రసాద స్వీకారానికి నిరాకరించడం ఆ రోజులలో చిన్న విషయం కాదు. ఆచారం పాటించి ఇంట వుండవలెనా, ఇల్లు విడిచిపోవలెనా అన్న స్థితి వచ్చినది. ఆమె ఇల్లు విడిచారు. 1873లో విడిగా వుండడానికి దస్తావేజు వ్రాసుకొన్నారు. దాని ప్రకారం డిగ్బీ తండ్రి వద్ద, మేబెల్ తల్లి వద్ద వుండవలెను.

ఇక్కడ ఆంగ్ల న్యాయశాస్త్రంలోని ఒక సంగతి చెప్పుకొనవలెను. ఆ దేశంలో చిరకాలంగా బిడ్డలు తండ్రి సొత్తు. తల్లికి చట్టంలో చోటే లేదు. కారొలీన్ నార్టన్ అనే రచయిత్రి ముగ్గురు కుమారులను భర్త పట్టుకుపోగా, ఆమె చేసిన ఆందోళన ఫలితంగా 1839లో మొదటిసారి, ఏడేండ్లలోపు బిడ్డల సంరక్షణ కోరి తల్లి న్యాయస్థానానికి విన్నవించుకొనే అవకాశం ఏర్పడినది. 1873 చట్టం మరొక మెట్టు ఎక్కి, బిడ్డను తల్లికి అప్పగిస్తూ భార్యాభర్తలు వ్రాసుకొన్న ఒడంబడిక చెల్లుతుందన్నది. కాని ఒక మెలిక పెట్టినది: అది బిడ్డకు మేలు కాదని తోచినప్పుడు న్యాయస్థానం దానిని అమలు జరపనక్కరలేదు. బిసెంటు దస్తావేజు పుట్టిన సంవత్సరంలోనే ఈ చట్టమూ పుట్టినది. తల్లికి రక్షణగా వచ్చిన ఆ చట్టంలోని మెలికే అయిదేండ్ల తర్వాత ఈ తల్లిపై పనిచేసినది.

లండనులో ఆమె బ్రాడ్లా అనే నాస్తిక నాయకునితో కలిసి పనిచేశారు. సంతాన నియంత్రణను గూర్చిన ఒక పుస్తకాన్ని ఇరువురూ తిరిగి ప్రచురించినందుకు 1877లో విచారణ జరిగినది. ఆరునెలల జైలు, జరిమానా విధించగా, సాంకేతిక కారణంపై 1878లో ఆ శిక్ష రద్దయినది. శిక్ష తప్పినదిగాని అసలు శిక్ష వెనుక వచ్చినది. నాస్తికురాలు, అటువంటి పుస్తకం ప్రచురించిన స్త్రీ, బిడ్డను పెంచతగదని భర్త న్యాయస్థానానికెక్కాడు. న్యాయమూర్తి జెస్సెల్ ఎదుట ఆమె తన వాదం తానే వినిపించారు. ఆమె బిడ్డను ప్రేమతో, శ్రద్ధతో చూచుకొన్నదని న్యాయమూర్తి ఒప్పుకొన్నాడు. అయినా అటువంటి తల్లి వద్ద పెరిగిన బాలికను లోకం దగ్గరకు రానీయదని చెప్పి, మేబెల్‌ను తండ్రికి అప్పగించవలసినదని తీర్పు చెప్పాడు. తప్పు చేసినది తల్లి అని లోకం అన్నది. తల్లికి దూరమైనది బిడ్డ. ఆ తీర్పులోని తర్కం ఈనాడు ఎంత వింతగా తోచినా, లోకం ఏమనుకొంటుందో అన్న భయం బిడ్డల భవిష్యత్తును నిర్ణయించడం ఆ దేశానికీ, ఆ కాలానికీ మాత్రమే పరిమితం కాదు.

మేబెల్‌కు అప్పుడు ఏడేండ్లు. జ్వరపడి లేచి ఇంకా నీరసంగానే వున్నది. తండ్రి పంపిన మనిషి వచ్చి, బిడ్డ ఏడుస్తూ పెనుగులాడుతుండగా బలవంతంగా తీసుకుపోయాడు. అటుపిమ్మట తల్లి తీవ్రమైన జ్వరంతో మంచం పట్టారు.

1879లో అప్పీలు న్యాయస్థానం బిడ్డలను చూచే హక్కును ఆమెకు ఇచ్చినది. ఆమె చూచారు. చూచిన కొద్దీ ఒక సంగతి తేటపడినది: ప్రతి దర్శనం బిడ్డలకు ఒక కొత్త గాయమే. తల్లి ఒకటి చెప్పితే తండ్రి ఇల్లు మరొకటి చెప్పుతుంది. నడుమ నలిగేది పసి మనస్సు. ఆమె అప్పుడు చేసిన నిర్ణయం కఠినమైనది. బిడ్డలు పెద్దవారై తమంతట తాము తెలుసుకొనగల వయస్సు వచ్చేవరకు వారిని చూడరాదు, ఉత్తరం వ్రాయరాదు. న్యాయస్థానం ఇచ్చిన హక్కును ఆమె తన చేతితోనే వదులుకొన్నారు. ఇది సరియైన నిర్ణయమేనా? కన్నవారి రాకపోకలు తెగిపోతే బిడ్డ మనస్సులో వారిపట్ల ఏమి మిగులుతుంది? సాధారణంగా ఏమీ మిగలదు. ఆమె విషయంలో మాత్రం మిగిలినది. యుక్తవయస్సు రాగానే కుమారుడు, కుమార్తె ఇరువురూ తల్లిని వెతుక్కొంటూ వచ్చారు. ఆమె పక్షాన నిలిచారు. కాని తల్లి చూడవలసిన బాల్యం అప్పటికి గడిచిపోయినది.

ఆ ఎడబాటు కాలంలోనే ఆమె ఇతరుల బిడ్డల సంగతి పట్టించుకొన్నారు. 1888లో లండను అగ్గిపెట్టెల కర్మాగారంలో పనిచేసే బాలికల సమ్మెకు అండగా నిలిచారు. అదే సంవత్సరం లండను పాఠశాలల బోర్డుకు ఎన్నికై, ఆకలితో బడికి వచ్చే పేదపిల్లలకు భోజనం పెట్టవలెనని పోరాడారు. బిడ్డకు తిండి పెట్టలేని తల్లిదండ్రులను దండించడంకంటె వారికి చేయూతనివ్వడం మేలు అన్న భావం ఈ పనుల్లో కనిపిస్తుంది. ఇది ఇక్కడ ఎందుకు చెప్పవలసివచ్చినదంటే, తర్వాతి కథలో ఆ చేయూత ఎంతవరకు పోయి ఆగవలెనన్న ప్రశ్న వస్తుంది.

1889లో ఆమె దివ్యజ్ఞాన సమాజంలో చేరారు. 1893లో భారతదేశానికి వచ్చారు. 1898లో కాశీలో సెంట్రల్ హిందూ కళాశాలను స్థాపించారు. 1907లో సమాజానికి అధ్యక్షులై మద్రాసు సమీపంలోని అడయారు కేంద్రంగా పనిచేయసాగారు. ఈ పదునెనిమిదేండ్ల చరిత్ర అందరికీ తెలిసినదే.

కడప సీమలో రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేసి పింఛను పుచ్చుకొన్న జిడ్డు నారాయణయ్యగారు పూర్వంనుంచీ ఆ సమాజ సభ్యులు. భార్య సంజీవమ్మ 1905లో మరణించినది. తల్లిలేని పిల్లలు, చాలీచాలని పింఛను. ఆయన 1909 జనవరిలో నలుగురు కుమారులతో అడయారు చేరి, సమాజం వారి పనిలో కుదిరారు. సమాజ ప్రాంగణం వెలుపల, సరియైన వసతులు లేని ఒక చిన్న ఇల్లు వారి నివాసం. పిల్లలు మైలాపూరు బడికి నడిచి వెళ్ళేవారు. మదనపల్లెలో 1895లో పుట్టిన కృష్ణమూర్తి ఆ బడిలో మందమతి అనిపించుకొని, పాఠం అప్పగించలేక తరచు బెత్తపు దెబ్బలు తినేవాడు. ఆ బాలుణ్ణి సముద్రతీరంలో చూచిన లెడ్‌బీటరు అనే సమాజ ప్రముఖుడు, ఇతడు కాబోయే జగద్గురువుకు ఆధారం కాగలవాడని ప్రకటించాడు. బడిలో మందమతి, తీరంలో జగద్గురువు! ఒకే బాలుణ్ణి ఇద్దరు పెద్దలు చూచిన తీరు ఇది. ఆ బాలునికి ఏమి కావలెనో ఇద్దరూ అడగలేదు.

కృష్ణమూర్తిని, తమ్ముడు నిత్యానందను బడి మాన్పించి అడయారులోనే చదువు చెప్పించారు. తండ్రి వెనుకాడుతూనే ఒప్పుకొన్నారు. 1910 మార్చి 6న ఆయన ఇరువురు కుమారులకు బిసెంటును సంరక్షకురాలుగా అంగీకరిస్తూ కాగితంపై సంతకం చేశారు. అది మోసం కాదు, బలవంతమూ కాదు. కాని ఆ సంతకాన్ని తూచేటప్పుడు ఒక విషయం మరువరాదు. ఒక వైపు ప్రపంచఖ్యాతి గల నాయకురాలు. మరొక వైపు ఆమె సంస్థలో పనిచేస్తూ, ఆ సంస్థ నీడన నివసిస్తూ, తల్లిలేని పిల్లలను సాకలేక సతమతమవుతున్న పింఛనుదారు. అటువంటి మనిషి కాదనగలడా?

త్వరలోనే తండ్రికి మనస్తాపం మొదలైనది. కుమారులు తన ఇంట భోజనం చేయరు, తన ఇంట నిద్రించరు. వారి స్నానపానాదులు కూడా పరుల ఆజ్ఞపై నడుస్తున్నవి. దానికి తోడు, లెడ్‌బీటరుపై బాలుర విషయంలో 1906లోనే ఆరోపణలు రాగా సమాజం విడిచి, 1908 చివర తిరిగి చేరినవాడు. ఆయన సాహచర్యం తన బిడ్డలకు తగదని తండ్రి గట్టిగా కోరారు. 1912 జనవరిలో, చదువుకోసం పిల్లలను ఇంగ్లండు తీసుకుపోవడానికి ఆయన మరొక కాగితం వ్రాసి ఇచ్చారు. కాని కొన్ని నెలలకే మనస్సు మార్చుకొని, తన బిడ్డలను తనకు అప్పగించవలసినదని కోరారు. బిసెంటు అప్పగించలేదు. ఆయన చెంగల్పట్టు జిల్లా కోర్టులో వ్యాజ్యం వేశారు. అది మద్రాసు హైకోర్టుకు బదిలీ అయినది.

1913 మార్చిలో విచారణ మొదలైనది. అరవైఅయిదేండ్ల బిసెంటు ముప్పదిఅయిదేండ్ల క్రిందటివలెనే తన వాదం తానే వినిపించారు. వాది పక్షాన నిలిచిన యువ న్యాయవాది సి.పి. రామస్వామి అయ్యరు. ఆయనే కొన్నేండ్లలో హోంరూలు ఉద్యమంలో ఆమెకు కుడిభుజమైనారు. ఆనాటి పెద్దమనుషుల పోరాటాలు అట్లా వుండేవి. ఏప్రిల్ 15న న్యాయమూర్తి బేక్‌వెల్ తీర్పు చెప్పారు. తండ్రి చేసిన ఘోరమైన ఆరోపణలు రుజువు కాలేదు. అయినా బిడ్డలను తండ్రికి అప్పగించవలెను. అప్పీలులోనూ ఆమె ఓడిపోయారు.

ఆ తీర్పు విన్ననాడు ఆమెకు మేబెల్ జ్ఞాపకం వచ్చినదో లేదో ఎవరు చెప్పగలరు? లండనులో ఒడంబడిక తన పక్షాన వున్నా తల్లిగా ఆమె ఓడిపోయినది. మద్రాసులో తండ్రి వ్రాసిన కాగితం తన పక్షాన వున్నా పెంపుడు తల్లిగా ఓడిపోయినది. ఆనాడు తనకు జరిగినదాన్ని ఈనాడు తాను మరొకరికి చేస్తున్నానన్న ఆలోచన ఆమెకు తట్టినట్లు ఆమె చేతలలో కనిపించదు. కృష్ణమూర్తికి ఒక మహత్కార్యం నిర్ణయమై వున్నదన్న విశ్వాసం ఆమెను ముందుకే నడిపినది. ఆమె జీవితాన్ని గౌరవించేవారు సైతం ఈ ఘట్టంలో నారాయణయ్యగారి వైపు నుంచి ఒకసారి చూడక తప్పదు.

ఆమె ప్రీవీకౌన్సిలుకు పోయి 1914 మే నెలలో గెలిచారు. కాని ఆ గెలుపును జాగ్రత్తగా చదవవలెను. బాలురు చెంగల్పట్టు జిల్లా నివాసులు కారు గనుక అక్కడి కోర్టుకు అధికారం లేదు. ఇంగ్లండులో వున్న ఆ బాలుర మాట ఎవరూ వినలేదు. వారి ఇష్టానికి విరుద్ధంగా వారిని రప్పించరాదు — ఆమె గెలుపుకు ఆధారాలు ఇవి. అసలు ప్రశ్నపై మాత్రం ప్రీవీకౌన్సిలు తండ్రి మాటనే నిలబెట్టినది. బిడ్డల సంరక్షణ తండ్రికి పవిత్రమైన బాధ్యత. తాను బ్రతికివుండగా దానిని శాశ్వతంగా మరొకరికి ధారపోయలేడు. చదువుకోసం, పోషణకోసం బిడ్డను ఇతరులకు అప్పగించవచ్చును. ఆ అప్పగింతను తిరిగి రద్దుచేసుకొనవచ్చును. అయితే ఈలోగా బిడ్డకు ఏర్పడిన అనుబంధాలను, ఆశలను తెంచడం ఆ బిడ్డకు కీడు అని తోచినప్పుడు న్యాయస్థానం అడ్డుపడవచ్చును. ఇంగ్లండు న్యాయస్థానానికి పోయే దారి తండ్రికి తెరిచేవున్నది. కాని మద్రాసులోని పింఛనుదారుకు లండను కోర్టు ఎంత దూరం! ఆ దారి ఆయన తొక్కలేదు.

బిడ్డల సంరక్షణ వివాదాలలో ఈ తీర్పును మన న్యాయస్థానాలు తర్వాత కూడా పేర్కొంటూ వచ్చినవి. 2015లో వచ్చిన బాలల న్యాయ చట్టంలో పెంపుడు సంరక్షణకు ప్రత్యేకంగా చోటిచ్చారు. బిడ్డకు కీడు కలుగుతుందని కమిటీ కారణాలు వ్రాసి చెప్పిననాడు తప్ప, కన్నవారు వెళ్ళి బిడ్డను చూచుకొనవచ్చును. వారు బిడ్డను పెంచగల స్థితికి వచ్చినారని తేలితే బిడ్డ తిరిగి వారి ఇంటికి చేరవచ్చును. నారాయణయ్యగారి కాలంలో ఇటువంటి ఏర్పాటు ఏదీ లేదు. గెలవడం, ఓడడం తప్ప మూడవ మార్గం లేదు.

వ్యాజ్యం ముగిసిన మరుసటి యేడు, 1915లో, కృష్ణమూర్తి పుట్టిన మదనపల్లెలోనే బిసెంటు ఒక కళాశాలను స్థాపించారు. రాయలసీమ బిడ్డలు ఎందరో ఇల్లు విడిచి దూరం పోకుండా చదువుకొన్న విద్యాలయం అది. అన్నదమ్ములు 1921 చివర భారతదేశానికి తిరిగి వచ్చేనాటికి కృష్ణమూర్తికి తెలుగు రాదు. తండ్రితో మాట్లాడడానికి తండ్రి భాష లేదు. నారాయణయ్యగారు 1924లో గతించారు. ఆ మరుసటి యేడు నిత్యానంద కాలిఫోర్నియాలో క్షయవ్యాధితో మరణించాడు.

1929లో హాలండులోని ఓమెన్‌లో, తనకోసం నిర్మించిన సంస్థనే కృష్ణమూర్తి రద్దుచేశాడు. తనకు గురుపీఠం అక్కరలేదని అతడు చెప్పుతుండగా ఎనభైరెండవ యేట అడుగిడబోతున్న బిసెంటు సభలోనే కూర్చొని విన్నారు. ఆ మరుసటి యేడు ఆమె కన్నకుమారుడు డిగ్బీ బిసెంటు వంశచరిత్రను గ్రంథంగా ప్రకటించాడు. ఆమె 1933 సెప్టెంబరు 20న అడయారులో కన్నుమూశారు. తెలుగు మరచిన కృష్ణమూర్తి ఆమెను పిలిచే పిలుపు మాత్రం మొదటినుంచీ అమ్మ అనే.